రాణి స్నానం అయిందా?

ఫ్లెక్సీలో ఆయన నవ్వుతున్నాడు. మొదట నాకు కోపం వచ్చింది ఆ నవ్వు చూసే. నేనెరిగినంతలో ఆయన ఫొటోకు నవ్విన మనిషి కాదు. ఎవరైనా ఫోను ఎత్తితే చాలు, మెడలోని ఈల పట్టుకుని, ఇరుకు సందులో బస్సు వెనక్కు తీయిస్తున్నవాడిలా ముఖం చిట్లించేవాడు. ఈ నవ్వు ఎక్కడ దొరికిందో గానీ, ఈల తాడును కత్తిరించేసి, ఆయన ఎన్నడూ తొడుక్కోని తెల్లచొక్కా ఒకటి మెడ కింద అతికించారు.

ముదిగుబ్బ దగ్గర స్నేహితురాలి పెళ్లికి వెళ్లి అనంతపురం తిరిగి వస్తూ, దారిలో కోట కనబడగానే ఉండబట్టలేక బస్సు దిగాను. పోయిన ఏడాది వేసవంతా నేను పనిచేసిన చోటు అది. ఫ్లెక్సీని కోట పార్కు గేటు పక్కన రెండు గుంజలకు కట్టారు. ఆయన పేరు ముందు ‘చరిత్రకారులు’ అని తగిలించారు. కింద ‘రాణివారి జలకాల తొట్టిని లోకానికి చాటిన మహనీయునికి కన్నీటి నివాళి’ అని రాశారు. నివాళి అర్పించేవాళ్ల బొమ్మలు ఆయన బొమ్మకు రెండింతలున్నాయి. అందరికన్నా ముందు పార్కు మేనేజరు, నల్లకళ్లద్దాలు పెట్టుకుని మరీ కన్నీరు కారుస్తున్నాడు.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. పోయాక పొగడటం లోకరీతి, సరేలే అనుకునేదాన్ని. కానీ అది రాణి తొట్టి కాదు, గొర్రెలు నీళ్లు తాగే తొట్టి అని గొంతు పోయేదాకా అరిచిన మనిషి ఈయన. అలా అరిచినందుకే ఆ గేటు బయటికి గెంటారు. ఇప్పుడు చచ్చాక అదే గేటుకు కట్టి, అదే అబద్ధాన్ని ఆయన నోట్లో పెట్టారు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆయన పేరు నేను ఇక్కడ రాయను. ఆ పేరును వాళ్లు వాడుకున్నది చాలు. ఊరంతా పిలిచినట్టే కండక్టరు సారు అంటాను.

నేను చరిత్రలో ఎమ్మే చదువుతూ, ఇంటర్న్‌షిప్పు చేయడానికి ఆ పార్కుకు వెళ్లాను. బోడిగుట్ట మీద కూలిన బురుజులు, కింద ఒక దిగుడుబావి, బావి పక్కన పొడుగాటి రాతితొట్టి, వీటి మధ్య ఎక్కడినుంచో తెచ్చి పరిచిన పచ్చిక, సిమెంటు కుర్చీలు. అదీ పార్కు. చుట్టూ కనుచూపు మేర వేరుశనగ చేలు వాన కోసం నోరు తెరుచుకుని ఉంటాయి, పార్కులో మాత్రం పచ్చికకు రోజూ నీళ్లు. నా కొలువు పేరు వాలంటీర్ కోఆర్డినేటర్. ఊళ్లో ఉత్సాహం ఉన్నవాళ్లను పోగుచేసి, వచ్చినవాళ్లకు కోట చూపించడం, చెత్త ఏరడం, ప్రేమికులు బురుజుల మీద పేర్లు చెక్కకుండా కాపలా కాయడం, ఇవన్నీ జీతం లేకుండా చేయించాలి. నాకూ జీతం లేదు కాబట్టి న్యాయంగానే ఉండేది.

చేరిన మొదటి రోజే గేటు దగ్గర ముసలమ్మలు గుంపు కట్టారు. మన దగ్గర వాలంటీరు అంటే ఇంటికొచ్చి పింఛను చేతిలో పెట్టే పిల్ల. ఆ వాలంటీర్లు కనబడకుండా పోయాక, కోటలోకి ఒక వాలంటీరమ్మ వచ్చిందని ఎవరో చెప్పినట్టున్నారు, ఆధార్ కార్డులు పట్టుకుని వచ్చేశారు. ఒకామె వేలిముద్ర వేయించుకోమని నా ముందు వేలు చాపింది. నేను వారసత్వం, స్వచ్ఛంద సేవ అని ఏదో చెప్పబోయాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. అప్పుడు వెనకనుంచి ఈల మోగింది.

వెలిసిపోయిన ఖాకీ చొక్కా, నెరిసిన మీసం, ఎండిన కట్టెలాంటి మనిషి. “ఓల్డాన్” అని బస్సు ఆపుతున్నట్టు అరిచి, గుంపులోకి చొచ్చుకుని వచ్చాడు. “అందరూ దిగండమ్మా. ఈ వాలంటీరు ఆ రూటు కాదు. ఈ పాప మనకిచ్చేది ఏమీ లేదు, మనతో పని చేయించుకునేకి వచ్చింది.”

ముసలమ్మలు నన్ను జాలిగా చూసి వెళ్లిపోయారు. ఆయన మాత్రం నిలబడి, ఏ రూటు మీది అని అడిగాడు. ధర్మవరం అన్నాను. మా ఇంట్లో మగ్గం నేస్తారని కూడా చెప్పబోయాను గానీ ఆయనకు అది అక్కర్లేదు. కులం, పెళ్లి, నాయన సంపాదన, మనవాళ్లు మొదటి పలకరింపులోనే అడిగేవి ఏవీ ఆయన అడిగేవాడు కాదు. రూటు తెలిస్తే మనిషి తెలిసినట్టే. నా మొదటి వాలంటీరు అలా తనంతట తానే ఎక్కాడు.

ఉద్యోగమంతా ఎర్రబస్సులో కండక్టరు పని చేసి దిగిపోయాడాయన. దిగాడు అనడమే గానీ, బస్సు ఆయనలోంచి దిగలేదు. ఎడమ మోచేతిని డొక్కకు గట్టిగా నొక్కి పట్టుకునే నడిచేవాడు. అక్కడ టికెట్ల సంచి లేదన్న సంగతి ఆ చేతికి ఎవరూ చెప్పలేదు. కోటలో చూపించే చోట్లన్నీ ఆయనకు స్టేజీలే. మొదటి స్టేజీ గేటు, తర్వాత బురుజు, తర్వాత బావి, ఆఖరి స్టేజీ తొట్టి. జనం గేటులోనే నిలబడి కబుర్లాడుతుంటే, “లోపలికి జరగండప్పా, లోపలంతా ఖాళీనే” అని ఈల ఊదేవాడు. కోటంతా ఖాళీ అన్నమాట నిజమే.

కోపిష్టి, మొండి. నాతో రోజుకొక తగాదా. రాజుల పేర్లు సరిగ్గా చెప్పమని కాగితం ఇస్తే, కాగితం చూసి స్టేజీలు చెప్పేవాడు కండక్టరా అని మడిచి నా చేతిలోనే పెట్టాడు. ఆయన చెప్పే చరిత్రలో సగం తప్పు. ముందూ వెనకా రాజులంతా ఆయన దగ్గర ఒకే బస్సులో ఎక్కి, ఒకరి మీద ఒకరు పడుతూ ప్రయాణం చేసేవాళ్లు. నేను తల పట్టుకునేదాన్ని. బురుజు మీద పేరు చెక్కుతూ దొరికిన కుర్రాణ్ణి మాత్రం ఆయన ఒక్క మాటతో కిందికి దింపేవాడు. మీ ఇంటి గోడ మీద రాసుకోపో, మీ నాయన చదువుకుంటాడు అనేవాడు.

ఆయన దగ్గర ఒక హాస్యం ఉండేది, ఒకటే. తాడిపత్రి అవతల యాడికి అని ఊరుంది కదా, మా వైపు ఎక్కడికి అనడానికీ యాడికి అనే అంటాం. ఆ రూట్లో చాలాకాలం తిరిగాడట. యాడికి పోతావమ్మా అని అడిగితే యాడికికే అంటుంది, యాడికే అంటే యాడికే అంటుంది, తెల్లారేదాకా ఇదే పంచాయితీ అని ప్రతి గుంపుకూ చెప్పి, వాళ్లు నవ్వినా నవ్వకపోయినా తాను నవ్వేవాడు. ఫొటోకు రాని నవ్వు అప్పుడు వచ్చేది.

ఒక మాట కూడా ఉండేది. చెయ్యెత్తినోళ్లను వదిలిపెట్టి పోయేది బస్సు కాదు, లారీ అనేవాడు. పార్కు మూసే వేళకు ఎవరైనా పరుగెత్తుకుంటూ వస్తే, కాపలా మనిషి వద్దన్నా వినకుండా లోపలికి తీసుకుపోయి అన్ని స్టేజీలూ చూపించి గానీ పంపేవాడు కాదు. నా కాళ్లు నొప్పి పుట్టేవి. తిట్టుకునేదాన్ని.

ఉదయాన్నే, జనం రాకముందు, తొట్టి దగ్గరికి గొర్రెలు వచ్చేవి. బావిలో మోటారు వేస్తే నీళ్లు ముందు తొట్టిలో పడి, తొట్టి నిండాక పైపులో పచ్చికకు పారేవి. చుట్టుపక్కల కుంటలు ఎండిపోతే ఆ తొట్టి తప్ప మందలకు వేరే దిక్కు లేదు. ముందుగా వచ్చేది ఓబుళమ్మ. నడుముకు చీర కొంగు బిగించి, చివర కొడవలి కట్టిన పొడుగాటి కర్ర భుజాన వేసుకుని, మందను ముందుకు తోలుతూ వచ్చేది. కండక్టరు సారు తొట్టి గట్టుమీద నిలబడి ఈల ఊది, తాగినోళ్లు దిగండి, వెనకోళ్లను ఎక్కనీయండి అని గొర్రెల మీద అరిచేవాడు. గొర్రెలు వినేవి కావనుకోండి. అన్నీ తాగాక “రైట్” అనేవాడు, మంద కదిలేది. ఓబుళమ్మకూ ఆయనకూ క్షణం పడేది కాదు. నీ మేక నా పచ్చిక తినింది అని ఆయన, నీ పచ్చికకు పోసే నీళ్లు మా చేన్లో పోసింటే శనక్కాయలు పండేవి అని ఆమె. అయినా ఒక్కరోజు ఆమె ఆలస్యమైతే ఆయన గేటు దగ్గర నిలబడి గుట్టవైపు చూస్తూ ఉండేవాడు.

ఇక అబద్ధం సంగతి.

ఆఖరి స్టేజీ తొట్టి అని చెప్పాను కదా. అక్కడికి వచ్చేసరికి చూడవచ్చినవాళ్లు అలిసిపోయేవాళ్లు. గొర్రెలు తాగే తొట్టి అంటే ఎవరికి కావాలి. నీళ్ల సీసా అక్కడ పడేసి వెనక్కు తిరిగేవాళ్లు. కండక్టరు సారు ముఖం మాడ్చుకునేవాడు. ఒకరోజు పెద్ద కార్లలో ఒక గుంపు దిగింది. పట్టుచీరల ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు. తొట్టి దగ్గర ఒకామె ముక్కు మూసుకుని, ఏంటిది ఇక్కడ ఈ పెంటికల వాసన అంది. కండక్టరు సారు ఈల సర్దుకుని, తొణక్కుండా ఇలా అన్నాడు.

“ఇదా అమ్మా, రాణీవారు జలకాలాడిన తొట్టి.”

ఆమె ముక్కు మీదనుంచి చెయ్యి తీసేసింది. అందరూ చుట్టూ మూగారు. ఫోన్లు లేచాయి. ఒకమ్మాయి చెప్పులు విడిచి తొట్టిలో దిగి, చీర పరిచి కూర్చుని ఫొటో తీయించుకుంది. మోకాలి లోతు కూడా లేని తొట్టి. అందులో స్నానం చేయాలంటే రాణి పడుకుని పొర్లాల్సిందే. అంచులు చూస్తేనే తెలుస్తుంది, తరతరాల గొర్రెల మెడలు రాసుకుని రాసుకుని నున్నగా అరిగిపోయిన అంచులవి. ఎవరు చూశారు. ఆ సాయంత్రం నేను అడిగితే, అబద్ధమాడినా అతికినట్టుండాలి, అతికింది గదా పాపా అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. మర్నాటికి తొట్టిలో పన్నీరు చేరింది. ఆ వారం తిరక్కుండానే చెలికత్తెలు చేరారు. ఆఖరి స్టేజీకి ఇప్పుడు జనం ఆగుతున్నారు, ఆయన నడకే మారిపోయింది. తెల్లవారితే మాత్రం అదే తొట్టిలో ఓబుళమ్మ గొర్రెలు మూతులు పెట్టేవి, ఆయన రైట్ అనేవాడు. రాణికీ గొర్రెలకూ వేళలు వేరు కాబట్టి తగాదా లేదు.

మేనేజరుకు ఈ సంగతి తెలిసింది. వీడియో మనిషిని పిలిపించి, కండక్టరు సారును తొట్టి ముందు నిలబెట్టి రాణి కథంతా చెప్పించాడు. ఆయన హుషారుగా చెప్పాడు. ఆ తర్వాత జరిగిందంతా చాలా వేగంగా జరిగింది. మంచి పని ఏదీ ఆ పార్కులో అంత వేగంగా జరగడం నేను చూడలేదు. నల్లరాతి పలక వచ్చింది, రాణివారి జలకాల తొట్టి అని బంగారు రంగు అక్షరాలతో. తొట్టి నీళ్లలో ప్లాస్టిక్ తామరలు వేశారు. బావికీ తొట్టికీ చుట్టూ ముళ్లకంచె, దానికొక గేటు, గేటుకు తాళం. పశువులకు ప్రవేశం లేదు అని ఇంకొక బోర్డు. బయట టీకొట్టువాడు కూడా పేరు మార్చుకుని ‘రాణి టీస్టాల్’ అయ్యాడు. చిన్నప్పుడు వాళ్ల నాయన మేకలకు ఆ తొట్టిలోనే నీళ్లు పట్టినవాడు వాడు.

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. సరిగ్గా ఆ ఎండల్లో కంచె పడింది. మర్నాడు పొద్దున ఓబుళమ్మ మందతో వచ్చి కంచె ముందు ఆగింది. ఆమెకు చదువు రాదు. బోర్డు ఏమంటుందో కాపలా మనిషిని అడిగి తెలుసుకుంది. గొర్రెలు కంచెకు మూతులు ఆనించి, లోపల నీళ్లను చూస్తూ అరుస్తున్నాయి. ఆమె ఏడవలేదు, అరవలేదు. కండక్టరు సారువైపు తిరిగి, అందరూ వినేలా అడిగింది.

“ఏం కండక్టరూ, రాణి స్నానం అయిందా?”

ఆయన తల దించుకున్నాడు. ఆ మనిషి తల దించుకోవడం నేను అదే మొదటిసారి చూడటం. మందను మళ్లించుకుని ఆమె ఎండలో ఎక్కడికో వెళ్లిపోయింది. ఆ మర్నాడూ వచ్చింది, మళ్లీ అదే అడిగింది. రోజూ వచ్చేది, రోజూ అడిగేది. మందలో ఈనిన గొర్రె ఒకటి దారిలోనే పడి చచ్చిపోయిందని కూడా ఒకరోజు చెప్పింది, చెప్పి, మళ్లీ అదే ప్రశ్న.

కండక్టరు సారు నన్ను వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్లాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ రాణి కథ నేను పుట్టించిన అబద్ధం సార్, అది గొర్రెల తొట్టి, కంచె తీసేయండి అని చెప్పాడు. అంత సూటిగా తప్పు ఒప్పుకున్న మనిషిని చూసి, ఇక పని అయిపోయిందనుకున్నాను నేను. మేనేజరు నవ్వాడు. పాంప్లెట్లు అచ్చయిపోయాయన్నాడు. మీరు ఊరి పెద్దలు, మీరు వీడియోలో చెప్పింది మౌఖిక చరిత్ర అన్నాడు. ఇప్పుడు కాదంటున్నారు కాబట్టి, ఇది గొర్రెల తొట్టి అనడానికి ఆధారం ఏమైనా ఉందా అని అడిగాడు.

కండక్టరు సారు మోచెయ్యి డొక్కకు అదుముకున్నాడు.

“అబద్ధం చెప్పినప్పుడు మీరు ఏ ఆధారమూ అడగలేదు గద సారూ. నిజం చెప్తే అడుగుతాండారే?”

మేనేజరు కంప్యూటరువైపు తిరిగాడు. అప్పుడు కండక్టరు సారు గొంతు తగ్గించి, ఈ గొర్రెలు యాడికి పోవల్ల సార్ అన్నాడు. ఆయన నోట ఎన్నోసార్లు నవ్వు పుట్టించిన మాట అది. ఆ గదిలో ఎవరూ నవ్వలేదు.

నేను ఊరుకోలేక అందుకున్నాను. అరిగిన అంచుల గురించి చెప్పాను, ఉదయం పూట గేటు తెరిస్తే ఎవరికీ నష్టం లేదన్నాను, పచ్చికకు పోసే నీళ్లలో కొంచెం చాలన్నాను. మేనేజరు నావైపు చూసి, ఊళ్లోవాళ్లే ఊరుకుంటే కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా అన్నాడు. చదువుకున్నదానివి, టూరిజం సంగతి అర్థం చేసుకోవాలన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇవాళ్టికీ నా పళ్లు బిగుసుకుంటాయి. ఊళ్లోవాళ్లు ఊరుకున్న మాట నిజం కావడం ఇంకా మంట. రాణి వచ్చాక ఊరికి గొర్రెలు చిన్నతనంగా తోచాయి. అవునప్పా, మా అవ్వ కూడా రాణి గురించి చెప్తాండె అనేవాళ్లు తయారయ్యారు. వాళ్ల అవ్వ ఎప్పుడు చెప్పింది? కండక్టరు సారు పోయిన నెలలో చెప్పాడు.

అప్పటినుంచి ఆయన స్టేజీలన్నీ మానేసి తొట్టి ఒక్కదాని దగ్గరే నిలబడ్డాడు. ఎవరొచ్చినా ఈల ఊది ఆపి, ఇది గొర్రెల తొట్టి, రాణి అబద్ధం, ఆ అబద్ధం చెప్పింది నేనే అనేవాడు. జనం పగలబడి నవ్వేవాళ్లు. పెద్దాయన భలే తమాషాగా చెప్తాడు, రాణి కథ కూడా చెప్పండి అని అడిగేవాళ్లు. ఆయన అరిచేవాడు. వాళ్లు ఇంకా నవ్వేవాళ్లు. అరిచి అరిచి గొంతు జీరబోయింది. గొంతు పోయాక ఈల ఒకటే మిగిలింది. ఒక మనిషి నిజం చెప్తున్నాడని తెలుసుకోవడానికి మనకు ఇంకేం కావాలి? నన్నడిగితే మనకు నిజం అక్కర్లేదు, ఫొటో కావాలి.

చివరికి, ఆయన దగ్గర వాలంటీరు బ్యాడ్జీ తీసుకొమ్మని మేనేజరు నాతో చెప్పాడు. తీసుకోను అన్నాను. కావాలంటే నాది తీసుకోండి అని మెడలోనిది తీసి బల్లమీద పెట్టాను. రెండూ తీసుకున్నారు. నాది బల్లమీదినుంచి, ఆయనది కాపలా మనిషి గేటు దగ్గర ఆపి మెడలోంచి. ఈల కూడా లాక్కోబోయాడట. అది పార్కుది కాదప్పా, నాది అన్నాడట కండక్టరు సారు, అంతవరకే.

నేను వెళ్లిపోయే రోజు బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. అప్పటికి ఊళ్లో కొళాయి దగ్గర పట్టిన బిందెను భుజాన మోసుకొచ్చి కంచె బయట సత్తుబేసిన్‌లో పోయడం మొదలుపెట్టి ఉన్నాడు. మందకు బిందె నీళ్లు ఏ మూలకు? ఓబుళమ్మ వద్దనేది కాదు, మెచ్చుకునేది కాదు. గొర్రెలు నాలుగు గుక్కలు తాగి చాలక అరుస్తుంటే, రాణి స్నానం అయిందా అని అడిగి వెళ్లిపోయేది. ఆ మాటకేం సార్, పట్టించుకోకండి అన్నాను.

“అడగనీ పాపా. ఆయమ్మ ఒక్కతే నా మాట నమ్మింది ఈ ఊర్లో” అన్నాడు. ఖాళీ బిందెను భుజం మార్చుకుని, “గొర్రెలకు చేతులు లేవు గద, ఎత్తేకి. అరుస్తాయంతే. అయినా ఆపల్ల” అన్నాడు.

బస్సు వచ్చింది. ఆయన ఈల ఊదాడు, నేను ఎక్కాను, రైట్ అన్నాడు. డ్రైవరు తన కండక్టరే అన్నాడనుకుని బస్సు ముందుకు దూకించాడు. వెనక్కు తిరిగి చూస్తే భుజాన ఖాళీ బిందెతో పార్కు వైపు నడుస్తున్నాడు. మళ్లీ నేను ఆయన్ని చూడలేదు.

ఇప్పుడు ఫ్లెక్సీ ముందు నిలబడి ఉంటే, గుట్టవైపునుంచి గంటల చప్పుడు వినిపించింది. ఓబుళమ్మ మంద. పోయినసారికన్నా సగమైంది. ఆమె నన్ను గుర్తుపట్టి, నీళ్లకు మూడు ఊర్ల అవతలికి తోలుకుపోతున్నానని, కాళ్లు పడిపోతున్నాయని చెప్పింది. కండక్టరు జరమొచ్చి పోయినాడని, ఆఖరిదాకా బిందె మానలేదని కూడా చెప్పింది. పాడె లేచేముందు దాని మీద ఆయన ఈల పెట్టమని ఆమే చెప్పిందట, మర్చిపోయినారని ఆయన కొడుకులను తిట్టింది. తర్వాత కర్రతో ఫ్లెక్సీ చూపించి, ఏం రాసినారు పాపా అంది.

చదివి వినిపించాను. చరిత్రకారులు అన్నప్పుడు ఊరుకుంది. రాణివారి జలకాల తొట్టి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

“చచ్చినంక కూడా ఆయప్ప చేత అబద్ధమే చెప్పిస్తాండారా” అంది.

 కొడవలి కట్టిన కర్ర ఎత్తి, ఒక పక్క తాడు కోసింది, రెండో పక్క కోసింది. ఫ్లెక్సీ జారి మా కాళ్లదగ్గర పడింది. మన దగ్గర ఫ్లెక్సీకి రెండో జన్మ ఉంటుంది, చేలల్లో, కల్లాల్లో, గుడిసెల మీద. ఓబుళమ్మకు అది ఎవరూ నేర్పక్కర్లేదు. కంచె బయట, పచ్చిక అంచున, పైపులు వేయడానికి తవ్వి పూడ్చకుండా వదిలేసిన గుంత ఒకటి పొడుగ్గా ఉంది. ఫ్లెక్సీని గేటు లోపలికి ఈడ్చుకుపోయి అందులో పరిచింది. ఆయన ముఖం ఉన్న ముక్కను మాత్రం కొడవలితో కోసి, మడిచి, నడుముకు దోపుకుంది. చిల్లు పడ్డ చోటును ఒక అంచుకు మడిచి, మిగతావాళ్లను పైకి చూసేట్టుగానే పరిచి, అంచుల మీద రాళ్లు పెట్టింది.

నేను కంచె కింద చెయ్యి దూర్చాను. పచ్చికకు నీళ్లు పారుతున్న పైపు అందింది. ముళ్లు గీసుకుపోయినా లాగి బయటికి తెచ్చి గుంతలో వేశాను. నీళ్లు మెల్లగా ఎక్కాయి. మేనేజరు నల్లకళ్లద్దాలు మునిగాయి. తర్వాత కన్నీటి నివాళి మునిగింది. రాణివారి జలకాల తొట్టి అన్న అక్షరాలు నీళ్లకింద కాసేపు కదిలాయి. గొర్రెలు ఆగలేదు, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి మూతులు పెట్టాయి. ఏడాది తర్వాత ఆ కోట ముందు ఎవరో ఒకరు నిజంగా నీళ్లు తాగడం చూసి నాకు ఏడుపొచ్చింది, కోపమూ తగ్గలేదు.

కాపలా మనిషి లోపలినుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. పైపు ఎవురు తీసినారు, ఎవుర్ని అడిగి తీసినారు, మేనేజరు సారుకు నేనేం చెప్పల్ల అని కంచె అవతలనుంచి కేకలేశాడు.

ఓబుళమ్మ కర్రమీద గడ్డం ఆనించుకుని, గొర్రెలనే చూస్తూ జవాబు చెప్పింది.

“రాణి స్నానం అయిపోయిందని చెప్పు, పో.”